మెడ మీద రేగుపండు

ముందటేడాది కార్తీకంలో నా మెడకు ఎడమపక్క రేగుపండంత బిళ్ల కట్టింది. నొప్పి లేదు. వేలితో నొక్కితే పక్కకు జారేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రెండో అంతస్తు ఎక్కడానికి గోడ పట్టుకునేదాన్ని. మెడలో బిళ్ల అంటే మన దగ్గర ముందు గుర్తొచ్చేది క్షయే. సూదితో తీసి పరీక్షిస్తే అది కాదన్నారు. ఆరు వారాల్లో దానంతటదే కరిగిపోయింది, నేనూ మరిచిపోయాను.

మరుసటి బోనాలకు నాకు గర్భం పదో వారం. అంతకుముందు ఒక గర్భం నిలవకపోవడంతో డాక్టరమ్మ రక్తపరీక్షల చిట్టా రాశారు. టాక్సోప్లాస్మా అనే క్రిమి దగ్గర ఐజీజీ, ఐజీఎం రెండూ పాజిటివ్. రెండూ యాంటీబాడీలే, అంటే సోకిన క్రిమి మీద ఒళ్లు తయారుచేసుకునేవి. ఐజీఎం ఉంటే కొత్తగా సోకినట్టని ఎక్కడో చదివి ఆ రాత్రి నిద్రపోలేదు.

అత్తయ్య తీర్పు వెంటనే వచ్చేసింది: "ఆ పిల్లికి పాలు పోయవద్దని చెప్పానా అమ్మాయ్?"

డాక్టరమ్మ పిల్లిని అంత తొందరగా దోషిని చేయలేదు. పిల్లి మలంలో వచ్చే క్రిమి మట్టిలో చేరుతుంది, కడగని ఆకుకూరలతోనూ సరిగా ఉడకని మాంసంతోనూ సోకుతుంది అన్నారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, మన దేశంలో పరీక్షించిన 1,464 మంది మహిళల్లో దాదాపు 22 శాతం మందికి ఎప్పుడో సోకిన ఆనవాళ్లున్నాయి. దక్షిణాదిలోనైతే 37 శాతం. ఐజీఎం మాత్రం ఒకటిన్నర శాతం లోపే, నేను ఆ కొద్దిమందిలో పడ్డాను. ఐజీఎం నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా రక్తంలో ఉండిపోతుందట. గర్భం వచ్చాక కొత్తగా సోకితేనే బిడ్డకు ఎక్కువ ముప్పు. అది తేల్చడానికి అవిడిటీ పరీక్ష: పాత యాంటీబాడీలు క్రిమిని గట్టిగా పట్టుకుంటాయి, కొత్తవి వదులుగా.

ఫలితానికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ ఆయన నాతో వంకాయ కూర గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు, పాపం.

అవిడిటీ ఎక్కువ అని వచ్చింది. అంటే సోకి కనీసం నాలుగు నెలలు, గర్భానికి ముందే. డాక్టరమ్మ నా మెడ తడిమి, "ఇక్కడెప్పుడైనా బిళ్ల కట్టిందా?" అన్నారు. పాత సూది పరీక్ష కాగితం చూపించాను. ఆ బిళ్ల ఈ క్రిమి వల్లే అయి ఉండవచ్చన్నారు. మందులు అక్కర్లేదన్నారు.

పాపకిప్పుడు నాలుగో నెల. ఇంట్లో కత్తిపీటలు రెండయ్యాయి. మాంసం కోసేదానికి అత్తయ్య ఎర్రదారం కట్టింది. పిల్లికి పాలు కూడా ఇప్పుడు తనే పోస్తోంది, గేటు బయట.