మెరక, పల్లం, ఏటిగట్టు: ధవళేశ్వరం నుంచి ఆత్రేయపురం దాకా

రాజమండ్రి నుంచి ఆత్రేయపురానికి దగ్గర దారి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా. కోనసీమను చూడాలంటే అటువైపు నుంచే దిగాలని నా అభిప్రాయం. రావులపాలెం హైవే మీద వస్తే కొబ్బరిచెట్లు కనిపిస్తాయి గానీ నేల వాలు అర్థం కాదు.

గోదావరి మీది ఈ బ్యారేజీ ఒకే కట్టడం కాదు, నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం ఆర్ములు, వాటి మధ్య లంకలు, అంటే ఏటి నడిమి దిబ్బలు. గేట్లు వరుసగా 70, 43, 23, 39, అంతా కలిపి 175. మొదటి రెండు ఆర్ములూ దాటితే బొబ్బర్లంక. అక్కడ ఎడమకు దిగాలి. తూర్పున గౌతమి పాయ, పడమర వశిష్ఠ పాయ, మధ్యలో కోనసీమ తలభాగం.

ఇప్పుడున్న బ్యారేజీ 1970లో మొదలై 1982కు పూర్తయింది. అంతకుముందున్న కాటన్ దొర ఆనకట్ట 1847 నుంచి 1852 వరకు కట్టింది. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. దాన్ని మోయడానికి 1840ల్లోనే పట్టాలు వేశారు. బొంబాయి, ఠాణాల మధ్య ప్రయాణికుల రైలు నడిచింది 1853లో! ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు ఇక్కడివాళ్లు తప్పకుండా చెబుతారు. ముందు ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం చూసి బయల్దేరితే మిగతాదంతా తేలిగ్గా బోధపడుతుంది.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ బ్యారేజీ నీళ్లు నిలవ చేసే కట్ట కాదు. ఏటి మట్టాన్ని కొంచెం పైకెత్తి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి తిప్పేది, అంతే. అందుకే సార్వాకు (వానాకాలం వరి) వరద నీరు సరిపోతుంది గానీ, దాళ్వాకు (రెండో కారు వరి) ఎగువన సీలేరు నుంచి విడిచే నీటి మీద ఆధారపడాలి. అది తగ్గిన ఏడు వంతులవారీ విధానం పెడతారు, శివారు చేలు ముందు ఎండుతాయి. ముంపుతోనూ గిట్టుబాటు లేకపోవడంతోనూ విసిగి 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు, అంటే ఆ కారు సాగు మానేశారు.

బొబ్బర్లంక దగ్గర మొదలైన మధ్య డెల్టా కాలువ పక్కనే రోడ్డు సాగుతుంది. ఆత్రేయపురం దాటాక లొల్ల లాకుల దగ్గర కాలువ పాయలుగా చీలుతుంది. పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే లాకు పనితీరు చెప్పుకోవాలి. రెండు జతల తలుపులు, మధ్యలో గది. కిందినుంచి పడవ గదిలోకి వచ్చాక దిగువ తలుపులు మూసి, పై తూముల్లోంచి గదిలోకి నీరు వదులుతారు. గదిలో నీరు ఎగువ మట్టానికి చేరేదాకా పై తలుపులు కదలవు, నీటి బరువే వాటిని బిగించి పడుతుంది. ధాన్యం, కొబ్బరి ఇలాగే మెట్లెక్కి దిగి ప్రయాణించాయి. లారీలు వచ్చాక పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు కాలువకు పెద్ద బెడద గుర్రపుడెక్క అనే నీటి కలుపు. అది తూముల దగ్గర పేరుకుంటే పైన నిండుగా, కింద వట్టిగా ఉంటుంది. వేసవిలో కాలువలకు నీరు ఆపేసినప్పుడే పూడిక, మరమ్మతు పనులు చేయాలి, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వచ్చినవాళ్లకు బురద తప్ప ఏమీ కనపడదు.

ఏటిగట్టు ఎక్కి నిలబడండి. ఒకవైపు లంక, అరటి, కూరగాయలు. ఏటా వరద తెచ్చే ఒండ్రు వాటికి ఎరువు. రెండోవైపు ఊరు. మెరక మీద ఇళ్లూ కొబ్బరితోటలూ, పల్లంలో వరిచేలు. వరదొస్తే ఏరు ఆ చేలకంటే ఎత్తున పారుతుంది. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల నీరు) మొదటి ప్రమాద హెచ్చరిక, 13కు రెండోది, 17కు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, గట్లకు గండ్లు పడ్డాయి.

గట్టు పైనుంచి పొర్లి తెగడం అందరికీ తెలిసిందే. అంతకంటే మోసం చేసేది అడుగున ఊట. ఎలుక బొక్కలోంచో, కుళ్లిన వేరు వదిలిన సందులోంచో నీరు ఊరివైపు చిమ్ముతుంది. తేటగా వస్తే కొంత నయం. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఊట నోటినే బస్తాతో నొక్కితే నీరు పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలతో వలయం కట్టి, లోపల నీటిని పైకి లేవనివ్వాలి. ఆ నీటి ఎత్తే ఊట ఉద్ధృతిని తగ్గిస్తుంది.

ఆత్రేయపురంలో ఆగేది పూతరేకుల కోసమే కదా. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తీసే ఇంటికి వెళ్లి చూడటం కొట్లో కొనడం కంటే మేలు. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లలా పలచన చేస్తారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పలచని గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు పడుతుంది. పిండి చిక్కబడితే రేకు మందమై నోట్లో కరగదు. కుండ చల్లబడితే అంటుకుంటుంది, మరీ కాగితే ముక్కలై లేస్తుంది. అందుకే మంట ఎగసిపడకుండా ఒక్కో ఆకే వేస్తుంటారు. చుట్టేముందు తడిగుడ్డతో అద్ది మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లుతారు. నా ఓటు బెల్లానికే. ఊరికి తీసుకెళ్లేట్టయితే గాలి తగలని డబ్బాలో పెట్టించండి, చెమ్మ తగిలితే అట్టలా సాగుతాయి.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఈ చుట్టుపక్కలే. ముందు విష్ణువు, వెనక మోహిని, ఒకే రాయి. వాడపల్లి వెంకన్న గుడికి మాత్రం ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనం చాలా ఎక్కువ. ఆ రోజు లొల్ల దారి బళ్లతో నిండిపోతుంది, కాబట్టి మొక్కు లేనివాళ్లు ఇంకే రోజైనా ఎంచుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తిరుగు ప్రయాణం రావులపాలెం మీదుగా పెట్టుకుంటే అరటి మార్కెట్ చూడొచ్చు. కర్పూర, చక్కెరకేళి, కూరకు బొంత, అన్నీ గెలల లెక్కనే అమ్ముతారు. పొద్దున్నే చేరితే సైకిళ్లకు గెలలు కట్టుకొచ్చే రైతులు ఉంటారు, ఎండెక్కాక మిగిలేవి లారీలే.