రైళ్లు టైముకి వచ్చిన రోజులు

ఆదివారం పొద్దున డాలస్‌లో మా ఇంట్లో దోసెలు వేస్తూ ఊళ్లో ఉన్న నాన్నకు వీడియో కాల్ చేస్తాం. అక్కడ అప్పటికి రాత్రి భోజనాలు అయిపోయి ఉంటాయి. ఈ మధ్య శనివారం రాత్రిళ్లు నేనూ, పద్నాలుగేళ్ల మా అమ్మాయీ కూర్చుని పాత ‘స్టార్ ట్రెక్’ చూస్తున్నాం, భవిష్యత్తులో అంతరిక్షంలో తిరిగే ఒక ఓడ కథలు చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ అది.

ఆ వారం చూసింది 1967 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘స్పేస్ సీడ్’ భాగం. రెండు శతాబ్దాలుగా అంతరిక్షంలో కొట్టుకుపోతున్న పాత ఓడ ఒకటి ఆ ఓడవాళ్లకు దొరుకుతుంది. అందులో నిద్రలేచిన మనిషి ఖాన్. ఉత్తర భారతం వాడు, బహుశా సిక్కు అయి ఉంటాడని చరిత్ర తెలిసిన అధికారిణి ఒకామె అంటుంది, తర్వాత తలపాగాతో అతని బొమ్మ కూడా గీస్తుంది. ఆ వేషం వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్. ‘అమ్మా, మనవాడే విలనా?’ అంది మా అమ్మాయి. ఇక్కడ పుట్టిన పిల్ల కదా, ఆ రాత్రంతా దాని మీదే మాట్లాడాల్సి వస్తుందనుకున్నాను. కానీ దాని మనసు వేరేచోట చిక్కుకుంది.

విందులో ఓడ అధికారి స్పాక్ గుచ్చిగుచ్చి అడుగుతుంటే ఖాన్ ఆవేశపడి, ప్రపంచానికి మేమొక పద్ధతి తెద్దామనుకున్నాం అని నోరు జారతాడు. ‘మేమా?’ అంటాడు కెప్టెన్ కిర్క్. తర్వాత తెలుస్తుంది, అతను 1992 నుంచి 1996 దాకా భూమిలో పావు వంతుకు పైగా ఏలిన నియంత అని. ఇక అప్పుడు ఓడలో పెద్దవాళ్లంతా కూర్చుని మాట్లాడుకునే తీరు చూడాలి. ఇతనంటే నాకెప్పుడూ లోలోపల ఇష్టమేనని ఇంజనీరు స్కాటీ ఒప్పుకుంటాడు, అతని పాలనలో ఊచకోతలు లేవంటాడు. స్వేచ్ఛా అంతంతేనంటాడు స్పాక్. తన మీదికి వచ్చేదాకా యుద్ధానికి పోలేదని డాక్టర్ అందుకుంటాడు. నియంతల్లో ఇతనే మేలు, ఇతనే ప్రమాదం కూడా అంటాడు కిర్క్. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నెల రోజులుగా మా అమ్మాయి ఇష్టపడుతున్న మనుషులు. అది రిమోట్ తీసుకుని ఆపేసింది. ‘వీళ్లెందుకమ్మా ఇలా మాట్లాడుతున్నారు?’

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇక్కడి పార్కింగ్ లాట్లలో మనవాళ్లు నాయకుల పేర్లు వచ్చేలా కార్లు పేర్చడం అది చూసింది. ఆ కార్లలో వచ్చే అంకుళ్లూ దానికి ఇష్టమైనవాళ్లే.

మర్నాడు కాల్‌లో ఈ కథంతా తన సగం తెలుగులో తాతయ్యకు చెప్పింది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. విని నవ్వారు. ‘మాకూ అలాంటి రోజులొచ్చాయి తల్లీ. ఎమర్జెన్సీ అనేవాళ్లం. ఎవరేమన్నా అనుకో, రైళ్లు టైముకి వచ్చేవి. పదింటికల్లా ఆఫీసుల్లో అందరూ సీట్లలో ఉండేవాళ్లు.’

ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నదే. నేనెప్పుడూ ఎదురడగలేదు.

‘మరి ఫ్రీడమ్, తాతయ్యా?’ అంది మా అమ్మాయి.

బల్ల కింద దాని కాలు నొక్కాను. పెద్దవాళ్ల మాటకు అడ్డు వెళ్లొద్దని పెరిగినదాన్ని, ఆలోచన కంటే ముందు కాలు కదిలింది. అది నాకేసి చూసి, ఫోను దగ్గరికి ఇంకాస్త జరిగింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ‘మా స్కూల్లో తెలుగు మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసు కూడా నిశ్శబ్దమైపోయేది. ఒకరోజు రాలేదు. రాత్రి పోలీసులొచ్చి తీసుకెళ్లారన్నారు. కవితలు రాసేవారు, అంతే. ఆయన టెన్త్ క్లాసు నాకిచ్చారు. లెక్కలవాణ్ని, నేనేం చెబుతాను తెలుగు? పిల్లల చేత పుస్తకం పైకి చదివించేవాణ్ని.’

ఆ రైళ్ల గురించి వందసార్లు విన్నాను. ఈ మాస్టారి గురించి ఇదే మొదటిసారి.

ఇందిరా గాంధీ పెట్టిన ఎమర్జెన్సీ 1975 జూన్ 25 నుంచి ఇరవై ఒక్క నెలలు. లక్ష మందికి పైగా విచారణ లేకుండా జైళ్లలో ఉన్నారు, పేపర్లకు సెన్సార్. 1977 ఎన్నికల్లో ఉత్తరాది ఆమెను ఓడించింది. మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆమె పార్టీకే ఇచ్చింది. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఆ ఓట్లు వేసినవాళ్లలో నాన్న ఉన్నారు, నాకు అక్షరాలు నేర్పినవాళ్లున్నారు. వాళ్లు మంచివాళ్లని నా కూతురికి తప్పకుండా చెబుతాను. వాళ్ల అభిమానాన్నీ చిన్నబుచ్చను. కానీ ఆ అభిమానం నిలబడాలంటే తెలుగు మాస్టారు కథలోంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్లూ అలా తప్పించి చెప్పిన కథనే నేనూ నమ్మాను, అదే నా పిల్లకూ అందించేదాన్ని. దానికి వినయం నేర్పాలని నేను పడే తాపత్రయంలో ఈ ప్రశ్న నోట్లోనే ఆగిపోయి ఉంటే? తలచుకుంటే గుండె గుబేలుమంటోంది.

‘మాస్టారు తిరిగొచ్చారా?’ అని అడిగింది మా అమ్మాయి.

‘వచ్చారమ్మా, ఏడాది దాటాక. అటెండెన్స్ రిజిస్టరు ఆయన చేతిలో పెట్టాను. అన్ని పేజీల్లోనూ నా చేతిరాతే. ఒక్కో పేజీ తిప్పి చూసుకున్నారు.’

‘జైల్లో ఏం జరిగిందో చెప్పారా?’

‘నేను అడగలేదు.’

‘ఎందుకని?’

ఈసారి నేను కాలు కదపలేదు. నాన్న కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ‘ఉండు, చెబుతాను’ అన్నారు.