ఎర్ర లైటు గదిలో రెండేళ్లు

మూడు రోజులుగా ఒకటే మెసేజ్ తిరిగి తిరిగి నా ఫోన్‌కే వస్తోంది. కాంతికి స్పందించే ప్రోటీన్ల మీద ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీ (ప్రోటీన్‌ను స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రేలు కొట్టి దాని ఆకారం తెలుసుకోవడం), ప్రాజెక్ట్ పోస్టు, పూర్తిగా తాత్కాలికం. అక్కా, అప్లై చేయమంటావా అని ముగ్గురు జూనియర్లు అడిగారు. హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఇలాంటి పోస్టులోనే ఉన్నాను, విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

పేరులో కాంతి ఉంది కదా అని మోసపోకండి, పనంతా చీకట్లోనే. మా ప్రోటీన్ ఎల్ఓవీ అనే రకం. మొక్కల్లో ఫోటోట్రోపిన్ అనే పెద్ద ప్రోటీన్‌లో భాగంగా ఉంటుంది. హబ్సిగూడలో మా అద్దింట్లో కిటికీ దగ్గర పెట్టిన తులసి వారం తిరిగేసరికి గ్రిల్ వైపు వంగుతుంది, కుండీ తిప్పి పెడితే మళ్లీ అటే. ఆ వంగడం మొదలయ్యేది ఈ ప్రోటీన్ దగ్గరే. దీని లోపల ఫ్లావిన్ అనే పసుపుపచ్చటి అణువు ఉంటుంది (బీ కాంప్లెక్స్ మింగిన రోజు మూత్రం పచ్చగా వస్తుందే, ఆ రైబోఫ్లావిన్ చుట్టమే). నీలి కాంతి పడగానే అది ప్రోటీన్‌లో పక్కనున్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది, పసుపు వెలిసిపోతుంది. చీకట్లో వదిలేస్తే కొన్నిట్లో సెకన్లలో, కొన్నిట్లో గంటలకు పట్టు వదిలి మళ్లీ పచ్చబడుతుంది. కాంతి పడకముందు ఈ అమరిక ఎలా ఉంటుందో 2001లో ఒక ఫెర్న్ మొక్క ప్రోటీన్‌తో తొలిసారి చూశారు.

కాంతి పడకముందు ఎలా ఉందో చూడాలంటే స్ఫటికాలు చీకట్లోనే పెరగాలి, అందుకే గదిలో ఎర్ర లైటు. తమాషా ఏంటంటే ఎర్ర లైటు కింద పసుపు రంగు కనబడదు. మొదటి మూడు నెలలు స్ఫటికాల కోసం పెట్టిన ప్రోటీన్ చుక్కలన్నీ ఖాళీ అనుకుని పారేశాను, వాటిలో ఎన్నిట్లో ఉన్నాయో ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతుంది.

పద్ధతి సులువే. 24 గుంతల ప్లేట్, గుంతలో ద్రావణం, అంచుకు గ్రీజు, కవర్‌స్లిప్ మీద ఒక మైక్రోలీటర్ ప్రోటీన్, ఒక మైక్రోలీటర్ ద్రావణం కలిపి తలకిందులుగా మూత పెట్టడం. చుక్కలోని నీరు మెల్లగా ఆవిరై కింది ద్రావణంలోకి చేరుతుంది, ప్రోటీన్ చిక్కబడుతుంది. పటికబెల్లం కట్టించడం లాంటిదే, కాకపోతే పటికబెల్లం ఎప్పుడూ కడుతుంది.

నా 11 వారాల స్ఫటికాలు పోయింది ఒక ఫిబ్రవరి 28న. సైన్స్ డే, పిల్లలు ల్యాబ్ చూడ్డానికి వచ్చారు, ఎవరో ఉత్సాహంగా తలుపు తీసి ట్యూబ్‌లైటు వేశారు. లోపల ప్రోటీన్ కదిలింది, స్ఫటికాలు పగుళ్లిచ్చాయి. ఎవర్నని ఏం లాభం, తలుపుకి బోర్డు పెట్టనిది నేనే.

మంచిది దొరికితే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, దాదాపు మైనస్ 173 డిగ్రీల దగ్గర ఉంచి ఎక్స్‌రేలు కొడతాం. ల్యాబ్ మెషీన్‌కి గంటలు పట్టేది సింక్రోట్రాన్‌లో (చాలా బలమైన ఎక్స్‌రేలిచ్చే పెద్ద యంత్రం) నిమిషాల్లో అయిపోతుంది. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 ఉంది, ఇంకా పదునైన కిరణాలు కావాలంటే విదేశాలకు దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా రెండు అడగండి: బీమ్‌టైమ్ (సింక్రోట్రాన్ వాడుకునే సమయం) ఎవరు ఇప్పిస్తారు, ప్రోటీన్ ఇప్పటికే శుద్ధి అయిందా లేక ప్లాస్మిడ్ (ఆ ప్రోటీన్ జన్యువున్న డీఎన్ఏ) చేతికిచ్చి వదిలేస్తారా. రెండోదైతే మొదటి ఏడాది బ్యాక్టీరియా పెంచడంలోనే గడిచిపోతుంది.

ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్లోనే అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఈ పనెందుకని మా బాబాయ్ అడిగాడు. ఆకారం అది చెప్తుంది బాబాయ్, వెలుగు పడ్డాక ఏ పరమాణువు ఎంత జరిగిందో చెప్పదు, మా తిప్పలన్నీ ఆ కాస్త జరుగుడు కోసమే. జీతం సంగతంటారా, నెట్ గానీ గేట్ గానీ పాసై ఉంటే 2023 నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం. నాకైతే ఒకసారి నాలుగు నెలలు ఆగి వచ్చింది, అద్దె మాత్రం ఆగలేదు. అమ్మ బాధ ఇంకోటి: "చీకట్ల కూసుండి కండ్లు పాడుచేసుకుంటున్నవ్ బిడ్డా."

అప్లై చేయమనే అంటాను. నిన్న సాయంత్రం సీ5 గుంతలో ఏదో మెరిసింది, ఫొటో తీసి మా సార్‌కి పంపితే సూదితో గుచ్చి చూడు, ఉప్పైతే కటుక్కుమంటుంది, ప్రోటీనైతే మెత్తగా పొడైపోతుంది అన్నారు. ఉన్నదొక్కటే, గుచ్చడానికి చేయి రాలేదు. ఉప్పే అయ్యుంటుంది లెండి. అయినా రేపు పొద్దున మొదటి మెట్రోకే పోతున్నా.