ఎప్పుడు అడగాలి, ఎంతకు అడగాలి

రాత్రంతా గట్టి వాన పడింది. వాన వెలిసిన మర్నాడు చూస్తేనే ఇంటి సంగతి తెలుస్తుందని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను కాబట్టి, ఆఫీసుకు ఓ గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, మధ్యవర్తిని తాళాలు తెమ్మని అడిగి, మేము కొనాలనుకుంటున్న ఇంటిని ఈరోజు పొద్దున్నే మూడోసారి చూసి వచ్చాను. మొదటిసారి సెలవురోజు మధ్యాహ్నం, గదుల నిండా ఎండ ఉన్నప్పుడు చూశాం. రెండోసారి సాయంత్రం వెళ్లి వీధిలో రద్దీ, ఇరుగుపొరుగు చప్పుళ్లు గమనించాం. ఆ రెండుసార్లూ మాకు కనిపించనిది ఈరోజు కనిపించింది.

వెనక పడకగదిలో, నేలకు జానెడు ఎత్తున, గోడ మీద ఒక పలక వెడల్పు మేర కొత్తగా రంగు వేసి ఉంది. మిగతా గోడ కంటే అది కొద్దిగా తెల్లగా ఉంది, అంతే. ఎండ వెలుతురులో ఆ తేడా కంటికి ఆనదు. అరచేయి ఆనించి చూస్తే గోడంతా ఒక తీరుగా ఉంటే, అక్కడ మాత్రం చల్లగా తగిలింది. గోరుతో అంచు నొక్కాను. రంగు పొర మెత్తగా లోపలికి దిగింది. ఆ గోడకు అవతలి వైపు స్నానాలగది ఉంది, బయటి వైపు కిటికీ కింద సన్నటి బీట కూడా ఉంది. చెమ్మ గొట్టంలోంచి వస్తోందా, వాన నీళ్లు బీటలోంచి ఇంకుతున్నాయా అన్నది నేను తేల్చగలిగేది కాదు. బీటయితే పూడ్చి రంగు వేస్తే సరిపోతుంది, గొట్టమైతే గోడ పగలగొట్టాలి. రెండింటికీ అయ్యే ఖర్చుకు పోలికే లేదు. ఈ తేడా తెలియకుండా ధర చెప్పడం ఎలా?

మధ్యవర్తి మాత్రం, "శనివారం ఇంకొకరు చూడటానికి వస్తున్నారు మేడమ్, ఈలోగా మీ మాట చెబితే మంచిది" అన్నారు. అది నిజమే కావచ్చు. ఆయన అమ్మేవారి తరఫు మనిషి, తొందరపెట్టడం ఆయన పనిలో భాగం కాబట్టి ఆయనను తప్పుపట్టను. అయితే ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి పదకొండు వారాలైంది, మధ్యలో ఒకసారి ధర తగ్గించారు కూడా. మొదటి వారంలో ఉన్న ఇంటికి, పదకొండో వారంలో ఉన్న ఇంటికి ఒకే వేగంతో పరుగెత్తనక్కరలేదని నాకు అనిపించింది.

మావారికి అలా అనిపించలేదు. ఆయన భయం వెనక ఒక కారణం ఉంది. ఇంతకుముందు మేము ఎంతో ఇష్టపడిన ఇంటిని, ఇంకోసారి చూద్దాం, ఇంకో మాట అడుగుదాం అంటూ పది రోజులు నాన్చి పోగొట్టుకున్నాం. ఆ జాప్యంలో ఎక్కువ వంతు నాదే. ఆ రోజుల్లో బ్యాంకుతో మాట్లాడకుండానే ఇళ్లు చూస్తూ తిరిగాం; తీరా నచ్చాక, మాకు ఎంత రుణం వస్తుందో తెలుసుకునేసరికే వారం గడిచిపోయింది. ఈసారి రుణం మంజూరవుతుందన్న ఉత్తరం ముందుగానే చేతిలో ఉంది. అందుకే ఈరోజు ఆలోచించడానికి మాకు కాస్త ఊపిరి దొరికింది.

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. అమ్మేవారు అడుగుతున్న ధరను పక్కన పెట్టి, ఈ మధ్య ఆ చుట్టుపక్కల అదే విస్తీర్ణంలో ఉన్న ఇళ్లు చివరికి ఎంతకు రిజిస్టరయ్యాయో రాసుకున్నాం. ధరను వంద అనుకుంటే మా చేతిలో ఉన్నది 20, అప్పు 80. బేరంలో పట్టుదలకు పోయి 5 పెంచామంటే ఆ ఐదూ అప్పులోకే వెళ్తుంది. 80 కాస్తా 85 అవుతుంది, అంటే ధర 5 శాతం పెరిగితే నెల వాయిదా 6 శాతం పైగా పెరుగుతుంది. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే మొత్తం మీద కట్టేది అసలుకు దాదాపు రెట్టింపవుతుంది కనుక, ఉద్వేగంలో ఒప్పుకున్న ఆ ఐదు చివరికి పది అయి కూర్చుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. బ్యాంకు తన లెక్క ప్రకారం ఇంటికి విలువ కడుతుంది. మేము వందకు ఒప్పుకుని, బ్యాంకు 95 అని తేల్చితే, అందులో 80 శాతంగా వచ్చేది 76 మాత్రమే. మిగతా 24 మేమే తేవాలి. ఆ నాలుగూ మా దగ్గర లేవు. ఇది కళ్లెదుట రాసి చూసుకున్నాక మావారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఇద్దరం ఒకరికొకరు చూపించకుండా, ఏ అంకె దాటితే ఈ ఇల్లు పోయినా బాధపడమో వేర్వేరు చీటీల మీద రాశాం. విప్పి చూస్తే ఆయనది నాదానికంటే కొద్దిగా ఎక్కువ. తక్కువదే హద్దుగా పెట్టుకున్నాం. ఆ హద్దు ఖాయమయ్యే వరకు ధర చెప్పడానికి మాకు అర్హత లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. అది ఖాయమయ్యాక ఇంకా ఆగడం మళ్లీ పాత తప్పే అవుతుంది. ఇంజనీరు చూసి వెళ్లాకే ధర చెబుదామన్నది నా మొదటి ఉద్దేశం. కానీ షరతులతో చెప్పవచ్చు కదా అని మావారు అన్న మాట సబబుగా తోచింది. ధర కుదరకపోతే ఇంజనీరు రుసుము మిగులుతుంది, కుదిరితే చెమ్మ సంగతి తేలేదాకా వెనక్కి తగ్గే దారి ఉంటుంది.

హద్దుకు కొంచెం దిగువనే ఒక అంకె వేసి, ఇంజనీరు పరీక్ష, బ్యాంకు విలువ, యాజమాన్య పత్రాల పరిశీలన పూర్తయ్యాకే ఒప్పందం ఖాయమవుతుందనీ, అందులో ఏది తేడా వచ్చినా బయానా తిరిగి ఇవ్వాలనీ, శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా జవాబు చెప్పాలనీ ఉత్తరం రాసి ఉంచాను. రేపు పొద్దున్నే పంపుతాను. కిటికీ బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఇంజనీరు వచ్చే రోజు దాకా ఇలాగే పడాలని కోరుకుంటున్నాను, ఆ గోడ ఆరిపోకుండా.