డాబా మీద బోడసరం

సార్వా, అంటే వానాకాలపు వరి, కోత అయ్యాక, మాగాణిలో తడి మెల్లగా ఇంకే రోజుల్లో, వరి కొయ్యకాళ్ల మధ్య ఊదారంగు బంతుల్లాంటి పూలతో పరుచుకునే మొక్క బోడసరం. కొన్నిచోట్ల బోడతరం అంటారు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. ఒకరు తెచ్చి నాటింది కాదు, మన చేలల్లో తనంతట తాను మొలిచేది. మా ఊళ్లో ఇప్పుడు అరుదైపోయింది. నీళ్లున్న చేలో సార్వా అవగానే దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేస్తారు. మినుము చల్లిన చేలో కలుపుమందు కొడతారు. రైతును తప్పుపట్టలేం గానీ, ఈ మొక్కకి మాత్రం ఆ రెండింటి మధ్యా చోటు లేకుండా పోయింది. అందుకే విజయవాడలో మా డాబా మీద పెంచాలని పట్టుబట్టాను.

నర్సరీలో అడిగితే "అది కలుపు కదమ్మా, ఎవరు కొంటారు?" అన్నారు. ఇక దారి పొలమే. మార్చిలో ఊరెళ్లి బాబాయి చేలో కాలవ వారగా వెతికితే ఎండిన మొక్కలు దొరికాయి. "ఇంత దూరం వచ్చింది దీనికోసమా అమ్మాయ్!" అంటూనే బాబాయి ఒక గోనె సంచిలో చేలోని నల్లమట్టి కూడా నింపి బస్సు ఎక్కించాడు. ఆ మట్టే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఎండిన బంతిని అరచేతుల మధ్య నలిపితే పొట్టుతో పాటు సన్నటి గింజలు రాలతాయి. గడ్డిచామంతి గింజకి ఉన్నట్టు వీటికి తెల్లటి నూగు ఉండదు. గాలికి ఎగిరి ఊళ్లు దాటే మొక్క కాదిది. రాలిన చోటే ఉండాలి, లేదా నీరూ బురదా మోసుకుపోతే పోవాలి. చేను దున్నకం మారితే అంత త్వరగా మాయమవడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. గింజల్ని పేపర్ కవర్లో వేసి నీడపట్టున దాచాను.

రెండు వెడల్పాటి టబ్బులు తీసుకున్నాను. ఒకదాంట్లో బాబాయి ఇచ్చిన నల్లమట్టి, రెండోదాంట్లో మామూలుగా కూరగాయలకి వాడే కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపిన మట్టి. నల్లమట్టి టబ్బుకి కింద చిల్లులు మూసి వానాకాలమంతా నీళ్లు నిలవనిచ్చాను, వరిమడిలో నిలిచినట్టే. దసరా వెళ్లాక చిల్లులు తెరిచి నీరు తీసేశాను. బురద కాస్త గట్టిపడి, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉన్నప్పుడు గింజలు పైపైన చల్లాను. అంత సన్నటి గింజ మీద మట్టి కప్పితే పైకి రాలేదేమోనని ఊరికే అరచేత్తో అద్ది వదిలేశాను. రెండో టబ్బులోనూ అదే రోజు చల్లాను.

మొలకలు రెండింట్లోనూ వచ్చాయి. తేడా తర్వాత తెలిసింది. ఎరువు మట్టిలోవి ఏపుగా, మెతకగా పెరిగి పక్కకి వాలిపోయాయి, మొగ్గలు అరకొరగా వేశాయి. నల్లమట్టిలోవి పొట్టిగా, గట్టిగా, నాలుగు వైపులా కొమ్మలు వేసుకుంటూ పాకాయి. వాటికి నేను చేసిందల్లా గుంపుగా ఉన్నచోట కొన్ని పీకెయ్యడం, మట్టి పైన సన్నటి నెర్రెలు కనిపిస్తే నీళ్లు పొయ్యడం. ఎండ మాత్రం పొద్దంతా తగలాలి. ఒకసారి చిగుళ్లకి పేనుబంక పట్టింది. నీళ్లు గట్టిగా చిమ్మితే పోయింది.

ఈ మొక్కని దగ్గరగా చూడాలి. ఆకు మొదలు కాండం దగ్గర ఆగదు. అంచు అలాగే కిందికి దిగి, కాండం పొడవునా పళ్లున్న పల్చటి రెక్కలా సాగుతుంది. ఒళ్లంతా సన్నటి నూగు, ముట్టుకుంటే కాస్త జిగురు. చేతులు కడుక్కున్నా ఆ ఘాటు వాసన కాసేపు వదలదు. కొమ్మ చివర శనగగింజ కన్నా కాస్త పెద్ద బంతి. భూతద్దం పెట్టి చూస్తే అది ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూగుత్తులు బోలెడు కలిసి కట్టుకున్న బంతి. ఫిబ్రవరిలో పూత నిండుగా ఉన్నప్పుడు చిన్న తేనెటీగలు పొద్దున్నే వచ్చేవి.

ఆయుర్వేదంలో దీన్ని ముండి అంటారు, మందుల్లో వాడతారు. నేను పెంచింది పువ్వు కోసమే. మందుగా వాడాలనుకునేవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా నోట్లో పెట్టుకోవద్దని నా మనవి.

ఎండలు ముదిరేసరికి మొక్క ఎండిపోతుంది. ఏడాది మొక్క కాబట్టి బతికించాలని నీళ్లు పొయ్యక్కర్లేదు. బంతులు ఊదారంగు పోయి గోధుమరంగుకి తిరిగి, వేళ్లతో నలిపితే పొడిగా విడిపోయేదాకా ఆగి కొయ్యాలి. సగం కోసుకుని, మిగతా సగం టబ్బులోనే రాలనిచ్చాను. మా ఊరి కాలవ గట్టు మీద ఒక బారెడు మేర మందు కొట్టకుండా వదిలేస్తానని బాబాయి మాటిచ్చాడు. కోసిన గింజలు అక్కడికే, నీళ్లు తీసే వేళకి.