బ్రాయిలర్ మేతలో మునగాకు పొడి కలిపి చూశా, నా అనుభవం

మాది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన పల్లె, చిన్న బ్రాయిలర్ షెడ్డు ఉంది. కంపెనీ వాళ్లు కోడిపిల్లలూ మేతా ఇచ్చి పెంచమనే పద్ధతి కాదు, కోడిపిల్లల్ని సొంతంగా తెచ్చుకుని మేత కూడా మేమే ఆడించుకుంటాం కాబట్టి ఈ పని చేయగలిగా, కంపెనీ బ్యాచ్‌లు పెంచే అన్నలు మాత్రం వాళ్లిచ్చే ఫీడులో చిటికెడు కూడా కలపమాకండి, లేనిపోని పేచీ.

మేతలో ప్రోటీన్ కోసం వేసే సోయా చెక్క రేటు పెరిగినప్పుడల్లా ఏదో ఒక ఆకు పెడితే పోలా అనిపించేది. ఆకుకేం కొదవ మాకు, ఇక్కడి నుంచి ప్రకాశం దాకా ఎటు చూసినా సుబాబుల్ తోటలే. ముందు దాని మీదే కన్నేశా గానీ పశువుల డాక్టరు గారు వద్దంటే వద్దన్నారు, అందులో మిమోసిన్ అని ఒక విషం ఉంటదంట, మేకలూ గొడ్లూ కొంత వరకు తట్టుకుంటాయి గానీ కోడికి ఎదుగుదల ఆగిపోద్దంట. వేపాకు చేదుకి మేతే ముట్టవేమోనని నాకే భయం. ఇంక మిగిలింది మునగ.

ఇక్కడ లెక్క ఒకటి చూసుకోవాల. ఎండిన మునగాకులో ప్రోటీన్ 25 శాతం పైనే, సోయా చెక్కలో 45 దాకా. అంటే చెక్క తీసేసి ఆ జాగాలో ఆకు పోద్దామంటే కుదరదు. పైగా ఆకులో పీచు ఎక్కువ, కోడికి అది అరగదు, శక్తి కూడా మొక్కజొన్నంత రాదు. ఫినిషర్ మేతలో, అంటే అమ్మే ముందు ఆఖరి రోజుల్లో పెట్టే మేతలో, కిలోకి 3000 కిలోకాలరీల పైన ఉండాల కదా, అందుకని ఆకు కలిపినప్పుడు నూనె కాస్త పెంచి, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం కూడా సరిచూసుకుని కలిపించా.

అసలు కష్టమంతా ఆకు దగ్గరే. కాపు అయిపోయాక మునగతోటల్లో కొమ్మలు నరికేస్తారు, ఆ ఆకు మనం తోలుకుపోతామంటే తోటోళ్లకే సంతోషం, డబ్బులు అడగరు. కానీ ఈనెలు ఎవరు దూయాల? మనిషిని పెడితే కూలే పొడి ఖరీదుని మించిపోద్ది. మా అమ్మ కూరకి చేసినట్టే చేశాం, రెమ్మల్ని పాత చీరల్లో మూటగట్టి రాత్రంతా ఉంచితే తెల్లారి దులిపేసరికి ఆకంతా జలజలా రాలిపోయింది, పుల్లలు చేతిలో మిగిలినాయి. తర్వాత రేకుల కింద నీడలో పల్చగా పరిచి, పూటకోసారి తిరగేసి, నలిపితే గలగలమనేదాకా ఆరబెట్టి పిండి మరలో ఆడించా. ఎండలో వేస్తే తొందరగానే ఎండుద్ది గానీ రంగు ఎగిరిపోయి గడ్డిలా తయారవుద్ది, పసుపు రంగునిచ్చే కెరోటిన్ కూడా పోద్ది. 100 కిలోల పచ్చాకుకి పొడి 20 కిలోలు వస్తే గొప్ప. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలూ ముసురూ, ఆ నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు, సరిగ్గా ఆరని ఆకుకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషంతో కోడి లివరే పోద్ది.

షెడ్డులో మెష్ కట్టి రెండు భాగాలు చేశా, ఒక పక్క మామూలు మేత, ఒక పక్క 3 శాతం ఆకు, అది కూడా పిల్లలు రెండు వారాలు దాటినాకే. మూలన చిన్న గదిలో కొన్నిటికి కావాలనే 8 శాతం పెట్టా, ఎక్కడ దెబ్బ కొడతదో చూద్దామని. 3 శాతం పక్క తూకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ రెండు కిలోలకి అటూ ఇటూగా తూగినాయి. 8 శాతంవి తేలిపోయినాయి, మేత తింటా ఉన్నా ఒళ్లు రాలేదు, రెట్ట కూడా పచ్చగా జారుగా పడి ఊక తడిసి రోజూ కలబెట్టుకోవాల్సి వచ్చింది.

కళ్లకి కనపడే తేడా ఒక్కటే, కాళ్లూ ముక్కూ పసుపు పూసినట్టు అయినాయి. ఎత్తడానికి వచ్చిన వ్యాపారి కాళ్లు పట్టుకుని చూసి "ఏం పెట్టినావన్నా, నాటుకోడి కాళ్లలాగుండాయే" అన్నాడు, అని కాటా మీద మాత్రం పైసా ఎక్కువ వెయ్యలేదు. వెయ్యడు కూడా, ఊళ్లో సగం మంది స్కిన్‌లెస్ అడుగుతారు, ఆ పసుపు తోలంతా కొట్టుకాడ బకెట్లోకి పోద్ది.

ఇంకోటి, ఆకు తింటే రోగాలు రావని వాట్సాప్‌లో తిప్పుతుంటారు, నమ్మమాకండి. లసోటా, గంబోరో టీకాలు ఎప్పుడెయ్యాల్నో అప్పుడే వేశా, రెండు పక్కలా. 2024 ఫిబ్రవరిలో చాటగుట్లలో, గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన జిల్లా ఎట్టా వణికిందో చూశాం కదా, దాన్ని ఏ ఆకు ఆపుద్ది?

ఇప్పుడైతే ఫినిషర్‌లో 2 శాతం వేస్తన్నా, అది కూడా తోటల్లో కొమ్మలు నరికే రోజుల్లోనే, కొనుక్కొచ్చి వేసే సరుకు కాదిది. మిగిలిన పొడి పెరట్లో నాటు పెట్టలకి నూకల్లో కలిపి పెడతన్నాం, గుడ్డు కొడితే సొన నారింజ రంగులో ఉంటంది, ఆ గుడ్లకైతే పక్కింటోళ్లు రెండు రూపాయలు ఎక్కువిచ్చి మరీ పట్టుకెళ్తన్నారు.