1981లో వచ్చిన ప్రోగ్ ఆల్బమ్‌లు, నాకు నచ్చిన వరుసలో

ప్రోగ్రెసివ్ రాక్ (ముద్దుగా ప్రోగ్, తాళాలతోనూ పాట కట్టడంలోనూ ప్రయోగాలు చేసే రాక్) డెబ్బైలతోనే అయిపోయింది, సూటిగా, మోటుగా ఉండే పంక్ రాక్ వచ్చి దాన్ని ఊడ్చిపారేసింది అని ఎవరన్నా అంటే నేను ఊరుకోలేను. జవాబుగా 1981 ఒక్కటి చాలు. జనవరిలో కేమెల్ వాళ్ళ ‘న్యూడ్’, ఫిబ్రవరిలో రష్ వాళ్ళ ‘మూవింగ్ పిక్చర్స్’, సెప్టెంబర్లో జెనెసిస్ ‘అబాకాబ్’, ఆ రోజుల్లోనే కింగ్ క్రిమ్సన్ ‘డిసిప్లిన్’. ఎల్పీలో ఒక వైపంతా ఆక్రమించే ఇరవై నిమిషాల పాటలు పోయాయి, నిజమే. కానీ పాట కురచైందని తాళం లెక్క తగ్గలేదు, లోపలికి వెళ్ళి కూర్చుంది. రేడియోలో వేసుకోదగ్గ నాలుగు నిమిషాల పాట అడుగున మామూలు నాలుగు దెబ్బల బదులు ఏడులూ ఐదులూ నడుస్తుంటాయి, వినేవాళ్ళు లెక్కపెట్టకపోయినా తల దానంతటదే ఊగుతుంది. ఆ ఏడాది నాకు ఇంత ఇష్టం కావడానికి అసలు కారణం ఇదే.

మద్రాసులో పెరిగిన చెవికి ఇది తొందరగా అందుతుందని నా నమ్మకం. మాంబళంలో మేం అద్దెకున్న ఇంటి పై వాటాలో మృదంగం క్లాసు జరిగేది, ఆదివారం పొద్దున్నే పిల్లలు ‘తకిట తకధిమి, తకిట తకధిమి’ అని మిశ్రచాపు (మూడూ నాలుగూ కలిపి ఏడు లెక్కల తాళం) వల్లెవేస్తుంటే కింద మేం కాఫీలు తాగేవాళ్ళం. ఏడు అనేది కష్టమైన లెక్క అని నాకెవరూ చెప్పలేదు కాబట్టి రాక్‌లో ఏడు వినపడ్డప్పుడు భయం వేయలేదు, సంతోషం వేసింది.

నా మొదటి స్థానం ‘డిసిప్లిన్’కే. గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ 1974లో తన బ్యాండ్ కింగ్ క్రిమ్సన్‌ని ఆపేశాడు. 1981లో కొత్త బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు దాని పేరు కూడా డిసిప్లిన్ అనే అనుకున్నాడు, తర్వాత పాత పేరుకే వచ్చాడు. డ్రమ్స్ మీద బిల్ బ్రూఫర్డ్ పాతవాడే. గిటార్, పాట కొత్తగా వచ్చిన ఏడ్రియన్ బెల్యూవి, ఈయన అప్పటికే ఫ్రాంక్ జాపాతో, డేవిడ్ బోవీతో, టాకింగ్ హెడ్స్‌తో వాయించి వచ్చినవాడు. టోనీ లెవిన్ బాస్‌తో పాటు చాప్‌మన్ స్టిక్ అనే వాయిద్యం పట్టుకున్నాడు, తీగల్ని మీటకుండా రెండు చేతుల వేళ్ళతో తట్టి వాయించేది. పాత ప్రోగ్‌లో మోగే మెల్లోట్రాన్ అనే టేపుల కీబోర్డు లేదు, రాజులూ కోటల గాథలూ లేవు. ఏడే పాటలు, మొత్తం నలభై నిమిషాలు కూడా ఉండదు.

అందులోని ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ పాట గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. రెండు గిటార్లు ఒకే వరుస స్వరాలు మొదలుపెడతాయి, ఏడు లెక్కలో. కాసేపటికి ఒకటి ప్రతి ఆవర్తానికీ ఒక్క స్వరం వదిలేస్తూ పోతుంది, దాంతో రెండూ కొద్దికొద్దిగా ఎడబాస్తాయి, చెవికి గందరగోళంగా ఉన్నా వాళ్ళకి మాత్రం ఎక్కడున్నారో తెలుసు, సరిగ్గా ఎక్కడ కలవాలో అక్కడ మళ్ళీ కలుస్తాయి. కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం చివర మృదంగం, ఘటం కలిసి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి పడినప్పుడు సభలో ఒక ఊపిరి వినపడుతుంది చూడండి, నాకు ఇక్కడ అదే వస్తుంది. ఒక తేడా ఉంది. కచేరీలో గాత్రం ముందుంటుంది, వయొలిన్ వెనకాల అనుసరిస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ అనుసరించరు, ఇద్దరు గిటారిస్టులూ అల్లికలో రెండు పోగులే. ఫ్రిప్ అంతటివాడు ఆల్బమ్‌లో చాలా భాగం సోలో లేకుండా కూర్చుని అదే వరుసని గడియారంలా వాయిస్తూ పోతాడు. ఇండోనేసియా గామెలాన్ (గంటలూ లోహపు వాయిద్యాలూ కలిపి వాయించే బృంద సంగీతం) ప్రభావం అందులో బాగా వినపడుతుంది.

‘థేలా హన్ జింజీట్’ కథ కూడా చెప్పాలి. బెల్యూ పాట కోసం వీధి శబ్దాలు రికార్డు చేద్దామని టేప్ రికార్డర్ పట్టుకుని లండన్‌లో బయటికి వెళ్ళాడు. అక్కడ ఒక గుంపు అతన్ని చుట్టుముట్టింది, వాళ్ళ నుంచి బయటపడేసరికి పోలీసులు ఆపారు. స్టూడియోకి తిరిగొచ్చి వణుకుతూ జరిగింది చెబుతుంటే, ఫ్రిప్ అతనికి తెలియకుండా రికార్డు చేయించాడు. పాటలో మనకి వినపడే మాటలు అవే. ఆ గొంతులో టెన్షన్ నటన కాదు కాబట్టే వెనకాల పరుగెత్తే ఏడు లెక్క అంత కంగారు పెడుతుంది.

రెండోది ‘మూవింగ్ పిక్చర్స్’. చాలామంది దీన్నే మొదట పెడతారు, నేను వాళ్ళతో గట్టిగా పోట్లాడను. కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు మోరిన్ హైట్స్‌లో ఉన్న ల స్టూడియోలో రికార్డు చేశారు. అందులో ‘వై వై జెడ్’ అనే మాటల్లేని పాట టొరంటో విమానాశ్రయం కోడ్ మీద కట్టింది, మొదట్లో గంట కొట్టినట్టు వచ్చే దరువు ఆ మూడక్షరాల మోర్స్ కోడే (టెలిగ్రాఫ్‌లో అక్షరాలకి వాడిన గీతలూ చుక్కలూ). గీతకి రెండు మాత్రలు, చుక్కకి ఒక మాత్ర వేసి చూడండి. వై అంటే గీత, చుక్క, గీత, గీత, అంటే ఏడు. ఇంకో వై, ఇంకో ఏడు. జెడ్ అంటే రెండు గీతలు, రెండు చుక్కలు, ఆరు. మొత్తం 20. మైలాపూర్‌లో మృదంగం వాయించే నా స్నేహితుడికి వినిపిస్తే చేత్తో తాళం వేస్తూ “నాలుగు ఖండాలు రా ఇది, లోపల మిశ్రం, మిశ్రం, ఆరు అని విరిచారు” అన్నాడు. ఖండం అంటే ఐదు, మిశ్రం అంటే ఏడు. అక్షరాల్లోంచి పుట్టిన లెక్క అంత చక్కగా ఐదుల్లో ఇమడడం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం. నీల్ పెర్ట్ డ్రమ్స్ అందరూ పొగుడుతారు, నేనూ పొగుడుతాను, కానీ ఈ పాటలో గెడ్డీ లీ బాస్‌ని మాత్రమే పట్టుకుని ఒకసారి మొదట్నుంచీ చివరిదాకా వినండి.

‘రెడ్ బార్చెట్టా’లో మోటారు చట్టం పాత కార్లని నిషేధించిన కాలంలో ఒక కుర్రాడు మామయ్య దాచిపెట్టిన ఎర్ర కారుని ఆదివారాలు తోలుతాడు. రిచర్డ్ ఫాస్టర్ 1973లో రాసిన చిన్న కథ దీనికి ఆధారం. కథ ఇంత బాగా చెప్పిన రాక్ పాటలు తక్కువ. ‘ది కెమెరా ఐ’ దాదాపు పదకొండు నిమిషాలు, న్యూయార్క్, లండన్ వీధుల మీద. రష్ ఆ తర్వాత మళ్ళీ పది నిమిషాలు దాటిన పాట రికార్డు చేయలేదు. నాకది చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఆఫీసు బస్సులో వినే పాట, పొద్దున జనం సిగ్నల్ దగ్గర రోడ్డు దాటుతుంటే ఇంకా బాగుంటుంది.

కేమెల్ ‘న్యూడ్’ని జనం పట్టించుకోరు, నాకు బాధగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిందని నమ్మక ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ ద్వీపం అడవిలో 1974 దాకా ఉండిపోయిన జపాన్ సైనికుడు హిరో ఒనోడా కథ అది. తన పాత అధికారి స్వయంగా వచ్చి ఆజ్ఞ వెనక్కి తీసుకుంటే గానీ ఆయన ఆయుధం దించలేదు. ఇలాంటి కథ దొరికితే ఎవరైనా మాటలతో నింపేస్తారు. కేమెల్ గిటారిస్టు ఆండ్రూ లాటిమర్ మాత్రం చాలావరకు గిటార్‌కీ, కీబోర్డులకీ, మెల్ కాలిన్స్ ఫ్లూటుకీ వదిలేశాడు. ఒంటరిగా ఉన్నవాడు మాట్లాడడు కదా. లెక్కల పరంగా ఇందులో గొప్ప విన్యాసాలేమీ లేవు, అయినా మూడో స్థానం ఇచ్చాను, ‘డ్రాఫ్టెడ్’ పాట చివర గిటార్ కోసమే అనుకోండి.

‘అబాకాబ్’ సగమే నాది. ‘హూ డన్నిట్’ వస్తే దాటేస్తాను. ‘కీప్ ఇట్ డార్క్’ మాత్రం ఆణిముత్యం: ఆరు లెక్క మీద మొండిగా తిరిగే గిటార్, పైన వేరే లోకాన్ని చూసొచ్చి ఆ సంగతి చెప్పకూడదు కాబట్టి దొంగలెత్తుకుపోయారని అబద్ధమాడాల్సిన మనిషి గోడు. ‘డోడో’, ‘లర్కర్’ కలిపి ఏడు నిమిషాలకి పైనే, పాత జెనెసిస్ కావాలన్నవాళ్ళు అక్కడ దిగొచ్చు. ‘నో రిప్లై ఎట్ ఆల్’లో ఎర్త్ విండ్ అండ్ ఫైర్ అనే ఫంక్ బ్యాండ్ వాళ్ళ హార్న్స్ (ఊదే వాయిద్యాలు) పెట్టారని అభిమానులు కోప్పడ్డారు, నాకైతే ఆ పాటలో జెనెసిస్ సభ్యులు టోనీ బ్యాంక్స్, మైక్ రదర్‌ఫర్డ్ మునుపటి కంటే హుషారుగా వినపడతారు.

ఈఎల్ఓ ‘టైమ్’, మూడీ బ్లూస్ ‘లాంగ్ డిస్టెన్స్ వాయేజర్’ కూడా ఆ ఏడాదివే, రెండూ ఇష్టమే, కానీ ఈ నాలుగింటి పక్కన పెట్టను. కొత్తగా వినేవాళ్ళు ‘మూవింగ్ పిక్చర్స్’తో మొదలుపెట్టండి, తేలిగ్గా లోపలికి రానిస్తుంది. ‘డిసిప్లిన్’కి మంచి హెడ్‌ఫోన్స్ కావాలి, రెండు గిటార్లనీ విడివిడిగా పట్టుకోవాలి కాబట్టి. చేత్తో తాళం వేసుకుంటూ వినండి, పక్కన ఎవరున్నా సరే.